బీరమ్మ చెప్పిన నాలుగో దారి

కొత్తగా లెక్కల టీచర్లుగా చేరినవాళ్లు అప్పుడప్పుడు వికారాబాదులో మా ఇంటికి వస్తుంటారు. కాసేపు కూర్చుని, టీ తాగి, చివరికి ఒకటే అడుగుతారు. "సార్, సంభావ్యత పాఠం పిల్లలకు ఎక్కడం లేదు. ఎట్లా మొదలుపెట్టాలి?"

నేను చెప్పేదీ ఒకటే. సూత్రం జోలికి పోకండి. భాగహారం జోలికీ పోకండి. ముందు ఏమేం జరగవచ్చో అన్నీ పలక మీద రాయించండి. ఒక్కటీ వదలకూడదు. రెండు వేరువేరు సంగతులను కలిపి ఒకటిగా రాయకూడదు. పుస్తకాల్లో దాన్ని ప్రతిరూప ఆవరణం అంటారు, ఇంగ్లీషు మీడియం వాళ్లు శాంపిల్ స్పేస్ అంటారు. పేరేదైనా అది ఒక జాబితా. జాబితా సరిగ్గా ఉంటే మిగిలింది చిన్న పని. జాబితా తప్పితే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్క చేసినా తప్పే వస్తుంది.

వాళ్లు తల ఊపి వెళ్లిపోతారు. ఈ మాట నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో, నేర్చుకోవడానికి ఎవరు నష్టపోయారో ఇప్పటిదాకా చెప్పలేదు. ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ రాయను, అవి అందరికీ ఒకేలా ఉంటాయి. ఒక లెక్క గురించి, ఒక పిల్ల గురించి రాస్తాను.

ఫెహరిస్తు

పోలీసు చర్య అయిన మరుసటి ఏడాది వికారాబాదులో ఉద్యోగంలో చేరాను. నా చదువంతా ఉర్దూలో సాగింది. కూడికను జమా అనీ, గుణకారాన్ని జర్బ్ అనీ నేర్చుకున్నవాణ్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగులో లెక్క చెప్పడం నాకు రాదు. పిల్లలకు ఒక్క రోజు ముందు నేను కొత్త మాటలు నేర్చుకుని, మర్నాడు పుట్టుకతోనే వచ్చినట్టు చెప్పేవాణ్ని. ఆ అలవాటు మంచిది కాదని అప్పుడు తెలియలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం ఒకసారి నాలుకకు అలవాటైతే, అది లెక్కల మాటలతో ఆగదు.

మా హెడ్మాస్టరును అందరం సాబ్ అనేవాళ్లం. షేర్వానీ, నెరిసిన గడ్డం, చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిల్. ఆయన ఒకసారి నన్ను నవాబుపేట పక్క ఊళ్లకు పంపారు. బడి ఈడు పిల్లలు ఎందరున్నారో, వాళ్లలో ఎందరు బడికి వస్తున్నారో రాసుకు రమ్మన్నారు. మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మూడొంతుల్లో రెండొంతుల పిల్లలు బడికి వస్తున్నారని లెక్క తేలింది. సంతోషంగా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

సాబ్ కాగితం చూసి, "గొర్లు యాడికి పోయినయ్?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"గా ఊర్లల్ల కురుమోళ్ల ఇండ్లు లేవా? గీ కాలంల వాళ్లు మందలు తోలుకొని అడవి దిక్కు పోతరు. పిల్లలు గూడ ఎంబడి పోతరు. నువ్వు తాళం జూసి ముందలికి పోయినవ్. ఫెహరిస్తుల లేనోడు లెక్కల ఎట్ల వస్తడు మియా? మళ్ల పో."

ఫెహరిస్తు అంటే జాబితా. మళ్లీ వెళ్లాను. అనంతగిరి కొండల కింద మందలు దిగిన చోట్లకు నడిచి వెళ్లి, గొంగళ్ల డేరాల దగ్గర పిల్లల పేర్లు రాసుకున్నాను. ఈసారి బడికి వచ్చేవాళ్లు సగానికి తక్కువే తేలారు. సాబ్ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి, మొదటిదాన్ని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు.

ఇది బాగా అర్థమైందనుకున్నాను. అర్థమైంది సగమే. జాబితాలో ఏదీ వదలకూడదని తెలిసింది. రెండింటిని ఒకటి చేయకూడదన్న మిగతా సగం తాండూరులో తెలిసింది.

రెండు హాలీ రూపాయలు

సాబ్‌కు తాండూరుకు బదిలీ అయింది. కొన్నాళ్లకు నన్ను కూడా అక్కడికే రప్పించుకున్నారు. నాపరాళ్ల ఊరు. బడి గోడలు, అరుగులు, నేల అన్నీ ఆ రాయే. ఎండాకాలం మధ్యాహ్నం వరండాలో కాలు పెట్టలేకపోయేవాళ్లం.

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక వానాకాలం మొదట్లో, పైనుంచి కాగితం వచ్చింది. ఎనిమిదో తరగతి పాసైన ఆడపిల్లల్లో ఒకరిని టీచరు ట్రైనింగుకు పంపమని. హైదరాబాదులో ఉండడానికి చోటు, తిండి, బట్టలు అన్నీ వాళ్లే చూస్తారు. రెండేళ్లకు పంతులమ్మ ఉద్యోగం. మా బడి నుంచి ఒక్కరే వెళ్లాలి.

అర్హత ఉన్నవాళ్లు ముగ్గురు. సుశీల తండ్రి రాళ్ల యార్డులో గుమస్తా. రజియా తండ్రికి స్టేషన్ దగ్గర కుట్టుమిషను ఉంది. బీరమ్మ తాండూరుకు రెండు కోసుల దూరంలోని ఊరి నుంచి నడిచి వచ్చేది. తండ్రి సాయన్న గొర్లు కాసేవాడు. ముగ్గురి మార్కులూ దాదాపు సమానం. ముగ్గురూ తొమ్మిదిలో కూర్చుంటున్నా, ఆ సీటు తప్ప ముందుకు చదివే దారి లేదు.

అంతకు ముందు ఏడాది ఇట్లాంటిదానికే చీటీలు వేస్తే, మడత గుర్తు పెట్టారని గొడవైంది. ఈసారి అందరి ముందు, అందరికీ కనిపించేలా తేల్చాలన్నారు సాబ్. నేను వెంటనే చెప్పాను. "రెండు రూపాయి బిళ్లలు ఎగరేద్దాం సాబ్. రెండూ చార్మినార్ పడితే ఒకరికి, రెండూ రాత పడితే ఒకరికి, ఒకటి చార్మినార్ ఒకటి రాత పడితే ఒకరికి. మూడే జరుగుతయ్. పిల్లలు ముగ్గురు. సరిపోతది."

నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది. సాబ్ సొరుగులో నిజాం కాలపు హాలీ రూపాయలు రెండు ఉన్నాయి. ఒక వైపు చార్మినార్, ఇంకో వైపు రాత. వాటిని తీశారు.

హాజరుపట్టీలో పేర్లున్న వరసలో పంచాను. బీరమ్మకు రెండు చార్మినార్లు. సుశీలకు రెండు రాతలు. ఒకటీ ఒకటీ రజియాకు. ఎవరి మీదా పక్షపాతం లేదు. తర్వాత ఎవరెవరో ఏమేమో అన్నారు, కానీ అందులో కుట్ర లేదు. తెలివితక్కువతనమే ఉంది.

వరండాలో పిల్లలు, తండ్రులు, టీచర్లు నిలబడ్డారు. నేను పద్ధతి వివరించాను. తండ్రులు ముగ్గురూ సరేనన్నారు. సాబ్ చెయ్యి ఎత్తబోయారు.

"సార్, జర ఆగుండ్రి" అంది బీరమ్మ.

అందరూ ఆమె వైపు చూశారు. సన్నటి పిల్ల. క్లాసులో అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

"ఏంది బిడ్డా?" అన్నాను.

"రజియాకు రెండు దార్లు వస్తున్నయ్ సార్. మా ఇద్దరికి ఒక్కొక్కటే."

"రెండెట్ల?"

"గీ రూపాయి చార్మినార్ పడి, గా రూపాయి రాత పడితే రజియాకే. గీ రూపాయి రాత పడి, గాది చార్మినార్ పడినా రజియాకే."

"రెండూ ఒకటే గద. ఒక చార్మినార్, ఒక రాత."

"చూస్తే ఒకటే లెక్క కనవడ్తది సార్. పడేటప్పుడు ఏరే ఏరే." ఒక్క క్షణం ఆలోచించి, "అష్టచెమ్మల నాలుగు గవ్వలు ఏస్తం గద సార్. రెండు పడ్డంత జల్ది నాలుగు బోర్ల పడి అష్ట పడ్తదా?" అంది.

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. ఆ నవ్వు నన్ను చూసేనని నాకనిపించింది. అందరి ముందు ఎనిమిది పాసైన పిల్ల లెక్కల సార్‌కు లెక్క చెప్తోంది.

"ఇది గవ్వలాట కాదు. గణితం. నోరు మూసుకో" అన్నాను.

బీరమ్మ నోరు మూసుకుంది. నాణేలు పడ్డాయి. ఒకటి చార్మినార్, ఒకటి రాత. రజియా తండ్రి చేతులెత్తి దేవుణ్ని తలుచుకున్నాడు. సుశీల ఏడ్చింది. బీరమ్మ ఏడవలేదు, నేల మీద పడ్డ ఆ రెండు బిళ్లలనే చూస్తూ నిలబడింది.

అప్పుడు సాయన్న ముందుకొచ్చాడు. భుజాన గొంగడి తీసి కింద పెట్టి, కూతురి రెక్క పట్టుకున్నాడు. "సార్ కంటె ఎక్కువ జదివినవా నువ్వు? గంత మందిల ఎదురు మాట్లాడ్తవా? మొక్కు సార్ కాళ్లు."

ఆమె వంగి నా కాళ్లకు మొక్కింది. నేను వెనక్కి జరగలేదు. "పర్వాలేదు సాయన్నా, చిన్నపిల్ల" అన్నాను. క్షమించినవాడిలా అన్నాను.

ఆదివారం పొద్దున

ఆ పిల్లకు తప్పని చూపించాలనే మొదలుపెట్టాను. ఈ మాట ఒప్పుకోవాలి. నిజం తెలుసుకోవాలని కాదు.

ఆదివారం పొద్దున నోటుబుక్కులో మూడు గళ్లు గీసుకుని, ఇంట్లో ఉన్న రెండు హాలీ బిళ్లలు ఎగరేస్తూ కూర్చున్నాను. మూడు గళ్లూ సమానంగా నిండుతాయి, సోమవారం ఆ పేజీ క్లాసులో చూపిస్తాను, అదీ నా ఉద్దేశం. మొదటి పేజీ సగానికి వచ్చేసరికి, ఒకటీ ఒకటీ పడే మూడో గడి ముందుకు పోతోంది. బిళ్లల్లో లోపం ఉందేమో అనుకున్నాను. ఒకదాన్ని పక్కన పెట్టి, దాని చోటికి కొత్త నయా పైసా తీసుకున్నాను. ఒకటి పెద్ద వెండి బిళ్ల, ఒకటి చిన్న రాగి బిళ్ల.

నాలుగైదు సార్లు ఎగరేశాక చెయ్యి ఆగిపోయింది. రూపాయి బొమ్మ పడి పైసా రాత పడింది. ఆ తర్వాత రూపాయి రాత పడి పైసా బొమ్మ పడింది. రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి. ఇవి ఒకటి ఎట్లా అవుతాయి? రెండు రూపాయలూ ఒకేలా ఉండడం వల్ల నాకు ఒకటిగా కనిపించాయి, అంతే. నాణేలకు నా కళ్లతో పనేముంది? మూడు గళ్లు కొట్టేసి నాలుగు గీశాను. నాలుగూ మెల్లగా, దగ్గర దగ్గరగా నిండుతూ వచ్చాయి.

"చూస్తే ఒకటే లెక్క కనవడ్తది. పడేటప్పుడు ఏరే ఏరే." ఇంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

మా ఆవిడ బియ్యం చెరుగుతూ, "ఏందట్ల కూసున్నరు?" అంది. "ఏం లేదు" అన్నాను.

సోమవారం పొద్దున్నే సాబ్ దగ్గరికి వెళ్లాను. రజియా పేరు ఇంకా పంపలేదు, ఆ వారం చివర పంపాలి. నోటుబుక్కు చూపించాను. ఆయన నాలుగు గళ్లూ చూశారు. లెక్క తెలిసిన మనిషి, ఒక్క నిమిషంలో అర్థమైంది. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తండ్రులు ముగ్గురు ఒప్పుకున్నంకనే ఏసినం. రజియా అమ్మ అప్పుడే గల్లీల శక్కెర పంచింది. ఇప్పుడు మళ్ల ఏస్తమంటే ఆమెకు ఏం జెప్తవ్?"

"తప్పయిందని జెప్తం సాబ్."

"మళ్ల ఏసినంక మళ్ల రజియాకే పడితే?"

"పడితే పడనియ్యండి."

ఆయన నోటుబుక్కు మూసి నా వైపు జరిపారు. "నీ లెక్క నువ్వు సక్కగ చేస్కో. స్కూలు మాట మాత్రం నేను మార్చ" అన్నారు. నవాబుపేట కాగితాన్ని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసిన మనిషే ఆయన. అది నా కాగితం కాబట్టి కొట్టేయగలిగారు. ఇది అందరి ముందు బడి ఇచ్చిన మాట. ఆయన్ను నేను చెడ్డవాడని అనను. భయపడ్డారు, నాలాగే.

కానీ ఒక సంగతి చెప్పాలి. సాబ్ మళ్లీ నాణేలు ఎగరేయొద్దన్నారు గానీ, బీరమ్మ చెప్పింది నిజమని ఆమెతో చెప్పొద్దనలేదు. ఆ పని ఆయన అనుమతి లేకుండానే చేయవచ్చు. సోమవారం రెండో పీరియడ్ ఆ క్లాసే. బీరమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నాలుగు మాటల పని. బోర్డు వైపు తిరిగి వడ్డీ లెక్కలు మొదలుపెట్టాను.

ఆ తర్వాత ఆమెను ఏ ప్రశ్న అడిగినా లేచి నిలబడి, "నాకు రాదు సార్" అనేది. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు. మొండితనం అనుకున్నాను, అట్లా అనుకోవడం నాకు తేలిక. దసరా సెలవుల తర్వాత ఆమె బడికి రాలేదు. మంద వెంట పోయిందన్నారు. హాజరుపట్టీలో ఆమె పేరు కొట్టేసింది కూడా నేనే.

ఎవరి ఉదాహరణ

అరవైల నడుమ మళ్లీ వికారాబాదుకు వచ్చాను. కొత్త సిలబస్‌లో సంభావ్యత పాఠం చేరుతుందన్నారు. చాలామంది టీచర్లు ఆ మాట వినడమే మొదటిసారి. నేను మాత్రం తయారుగా ఉన్నాను. ఎందుకున్నానో ఎవరూ అడగలేదు.

పాఠం గవ్వలతో మొదలుపెట్టేవాణ్ని. నాలుగు గవ్వలకు నాలుగు రంగులు పూసి, ఏమేం జరగవచ్చో పిల్లలతో రాయించేవాణ్ని. పదహారు వరసలు వచ్చేవి. అన్నీ బోర్లా పడి అష్ట కావడానికి ఒక్క వరసే. అన్నీ వెల్లకిలా పడి చెమ్మ కావడానికి ఒక్కటే. రెండు పడడానికి ఆరు. నిజానికి గవ్వ రెండు వైపులా ఒకేలా ఉండదు కాబట్టి అది అచ్చమైన లెక్క కాదు, ఆ సంగతీ చెప్పేవాణ్ని. అయినా రోజూ ఆడుకునే ఆటలో అష్ట ఎందుకు అంత అరుదుగా పడుతుందో పిల్లలకు ఒక్కసారిగా తెలిసిపోయేది. వాళ్ల ముఖాలు వెలిగేవి. ఒక ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చుని విని, "గొప్ప ఉదాహరణ అండీ, మీ సొంతమా?" అని అడిగాడు. "అవునండీ" అన్నాను.

ఒక వేసవిలో ప్రైమరీ టీచర్లకు శిక్షణ తరగతులు పెట్టి నన్ను చెప్పమన్నారు. నల్లబల్ల మీద నాలుగు గళ్లు గీశాను. గవ్వలు బల్ల మీద పోశాను. పాఠం అయ్యాక అందరూ వెళ్లిపోయారు. ఒకామె మాత్రం కూర్చునే ఉంది. తల మీద కొంగు సర్దుకుని లేచి వచ్చింది.

"సలాం సార్. నేను రజియాను."

నవాబుపేట దగ్గర ఒక ఊళ్లో టీచరుగా చేస్తోంది. చూడగానే సంతోషమైంది. ఆమె ముఖంలో సంతోషం లేదు.

"బీరమ్మ చెప్పింది గిదే గద సార్?"

నేను బల్ల మీది గవ్వలు ఏరడం మొదలుపెట్టాను.

"గవ్వలు గూడ దానియే గద."

"అవును" అన్నాను. తర్వాత నన్ను నేను కాపాడుకోవడానికి లెక్క వైపు పోయాను. "సరిగ్గ వేసినా నీకు మూడింట ఒకటి, దానికి మూడింట ఒకటి. మనం వేసినదాంట్ల దానికి నాలుగింట ఒకటి. తేడా పన్నెండింట ఒకటే రజియా. సరిగ్గ వేసినా నీకే రావొచ్చుండె."

"గా లెక్క నాకు గూడ వస్తది సార్. నేనూ పిల్లలకు చెప్తున్న." ఆమె గొంతు తగ్గించింది. "నిజం చెప్పిన పిల్లను మీరు నోరు మూసుకో అన్నరు. కాళ్లు మొక్కించిన్రు. గది మీ పన్నెండింట ఒకటిల యాడ వస్తది సార్?"

వెళ్లబోతూ ఆమే చెప్పింది. బీరమ్మకు పెళ్లయిందట. బషీరాబాద్ దాటాక ఒక ఊరు, పేరు చెప్పింది. "నేను రెండుసార్లు పోయిన. నా తోటి మంచిగనే మాట్లాడ్తది. లెక్కల మాట మాత్రం ఎత్తనియ్యది. మీరు పోవాలె సార్. నేను చెప్తే దోస్తు గాబట్టి చెప్తున్న అనుకుంటది."

పోతానన్నాను. ఆ సెలవుల్లోనే పోవాలనుకున్నాను. ఇంట్లో ఏదో పని పడింది. తర్వాత బడి తెరిచారు. తర్వాత పరీక్షలు. నిజమైన కారణాలే, కానీ ఏదీ అడ్డం కాదు. ఏడాదిన్నర గడిచింది.

బషీరాబాద్ దాటి

తాండూరు దాకా వాడి జంక్షన్ వైపు పోయే ప్యాసింజరు, అక్కడి నుంచి బస్సు. దిగిన చోట దారి అడిగితే ఒక ముసలాయన కన్నడంలో చెప్పి, నా ముఖం చూసి మళ్లీ తెలుగులో చెప్పాడు. చలికాలం. కందిచేల మధ్య నడిచి వెళ్లాను.

ఇంటి ముందు గొర్ల కొట్టం. బీరమ్మ ఒక గొర్రెను మోకాళ్ల మధ్య పట్టుకుని ఉన్ని కత్తిరిస్తోంది. నన్ను చూసి కత్తెర ఆపింది. గుర్తు పట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"లెక్కల సార్!"

గొర్రెను వదిలి, చేతులు తుడుచుకుని, మంచం వాల్చింది. చెంబుతో నీళ్లిచ్చింది. రైలు ఎప్పుడు దిగానో, ఇంట్లో అందరూ బాగున్నారో లేదో అడిగింది. నేను దారంతా ఎన్నో మాటలు తయారుచేసుకున్నాను. అవన్నీ వదిలేసి ఒకటే చెప్పాను.

"గా రోజు నువ్వు చెప్పిందే నిజం బిడ్డా. నాలుగు దార్లు. నేను చెప్పింది తప్పు."

ఆమె నేల మీద పడ్డ ఉన్నిని ఏరి బుట్టలో వేస్తూ వింది. మొత్తం ఏరాక అడిగింది. "ఎప్పుడు తెల్సింది సార్ మీకు?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"గా వారమే. ఆదివారం."

"గా వారమేనా?"

"అవును."

"నేను దసరా దాక బడికొచ్చిన సార్. మీ ముందరనే కూసున్న."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"నాకు లెక్కలు రావనుకున్న సార్" అంది. "సారు తప్పు చెప్తడా, నాకే తెల్వలే అనుకున్న. ఇప్పటికి గూడ మందను రెండుసార్లు లెక్కవెడ్త. ఒక్కసారి లెక్కవెడ్తే నాకు నమ్మకం ఉండది. మా ఆయన నవ్వుతడు, ఎప్పుడు లెక్కవెట్టినా గంతే వస్తయ్ గద అని."

"సాయన్న ఎట్లున్నడు?" అన్నాను. ఆయనకు కూడా చెప్పాలనే వచ్చాను. ఆయనది తాండూరు పక్క ఊరే కాబట్టి తిరుగు దారిలో దిగి వెళదామనుకున్నాను.

"మా నాయన పోయిన ఎండకాలం పోయిండు సార్."

కొట్టంలో గొర్రెలు కదిలాయి. ఆమె వాటి వైపు చూస్తూ చెప్పింది.

"ఎవరొచ్చినా గదే చెప్తుండె. మా పొల్లకు సీటు రావల్సి ఉండె, సార్‌కు ఎదురు మాట్లాడింది, గందుకే దేవుడు ఇయ్యలే అని. సచ్చేముందు గూడ అన్నడు. గీ మాట ఆయన ఇంటే మంచిగుండు."

నాకు చల్ల తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆమె మళ్లీ కత్తెర అందుకుంది, ఎండ ఉండగానే ఇంకా నాలుగు గొర్లకు కత్తిరించాలట. "బస్సు పోతది సార్, జల్ది నడువుండ్రి" అంది. లేచి నమస్కారం పెట్టాను. ఆమె రెండు చేతుల్లోనూ పని ఉంది, తల మాత్రం ఊపింది.

కందిచేల దారిలో నడుస్తూ లెక్క వేశాను. సాయన్న పోయి ఎనిమిది నెలలు. రజియా నాతో చెప్పి ఏడాదిన్నర. రజియా చెప్పిన మర్నాడు కూడా ఆ రైలు ఉంది. తాండూరు నుంచి ఆ బస్సూ ఉంది.